దిష్టి తీయడానికొచ్చిన నక్క

మిరప కల్లంలో అడుగుపెట్టిన వాళ్లెవరైనా ముక్కుకు గుడ్డ కట్టుకోవలసిందే. ఆ అవసరం లేనిది చుక్కమ్మకూ ఆమె పిల్లలకూ మాత్రమే. కోడిజాతి నాలుకకు కారం తెలియదు. పరదాల మీద ఎర్రగా ఆరబోసిన కాయల మీదికెక్కి, పగిలిన కాయల్లోంచి గింజలు ఏరి పిల్లలకు పెడితే, వాళ్లు వాటిని బెల్లం ముక్కల్లా తినేవాళ్లు. పక్కన మేక నాంచారి ఆ గాలికే తుమ్మి తుమ్మి, ఇదేం తల్లి, ఇదేం పెంపకం అని ముక్కున వేలేసుకునేది. వేలు లేదు కాబట్టి గిట్ట వేసుకునేదనుకోండి.

కల్లం మధ్యలో రైతు వేసుకున్న గుడిసె. గుడిసె ముందు గుంజకు కట్టేసిన ముసలి మైల ఎద్దు, అందరికీ మైలన్న, కోడిపిల్లలకు తాత. మైలన్న కాళ్ల దగ్గరే బోర్లించిన గంప, అందులో చుక్కమ్మ కాపురం. కాస్త అవతల గుంటలో పాలకుండ కాగడానికి పిడకల దాలి పగలంతా కణకణలాడుతూనే ఉంటుంది. అంతకు మించి ఆ ఊరు లేని ఊళ్లో ఇంకేమీ లేదు.

చుక్కమ్మకు పదిమంది పిల్లలు. తెల్లారితే ఆ తల్లి పని చూసి తీరాలి. గంపలో తడిసిన గడ్డిని కాళ్లతో బయటికి గీకి, పొడిగడ్డి లోపలికి లాగుతుంది. ఆ గీకుడు ఆపకుండానే, నీళ్లు నోట్లో పోసుకున్నాక తల పైకెత్తరా అని ఒకడికి నేర్పుతుంది. ఒకే వానపామును చెరోవైపూ లాగుతున్న అక్కచెల్లెళ్ల మధ్య దూరి, దాన్ని రెండు ముక్కలు చేసి తగవు తీరుస్తుంది. నేల మీద గద్ద నీడ కదిలితే ఒక్క కూతకు పదిమందినీ రెక్కల కిందికి లాక్కుంటుంది. పొద్దుగూకితే ఎడమ రెక్క కింద నేనంటే నేనని కొట్లాట. నిన్న ఎవరు పడుకున్నారో, మొన్న ఎవరు ఏడ్చారో అంతా ఆమెకు గుర్తే. రాజ్యాలేలిన వాళ్లకు ఇందులో సగం జ్ఞాపకం, సగం న్యాయం ఉన్నా చాలా యుద్ధాలు తప్పేవి. కానీ పిల్లల తల్లి చేసే పని ఎవరి కంటికీ పనిగా ఆనదు. రోజంతా నెమరు వేస్తూ కూర్చునే నాంచారి కూడా, నీకేం చుక్కమ్మా, పిల్లలతో ఆడుకుంటూ తిరుగుతావు అనేది. చుక్కమ్మ ఆ మాటకు జవాబిచ్చేది కాదు, తీరిక ఉంటే కదా.

ఒకరోజు రైతు కుటుంబమంతా బస్తాలు బండికెత్తుకుని మిర్చి యార్డుకు పోయింది. కుక్క బండి వెనకే పరుగెత్తింది. మళ్లీ తెల్లారితే గాని ఎవరూ రారు. ఆ రోజే, అందరిలోకీ చిన్నవాడు చిట్టిగింజ ముద్ద ముట్టడం మానేశాడు.

పొద్దున పెడితే మొహం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం చుక్కమ్మ చెదపుట్ట తవ్వి మరీ పిలిచింది. చెదలంటే ప్రాణమిచ్చేవాడు, కన్నెత్తి చూడలేదు. ఇది అమ్మ ముద్ద అంది, ఇది తాత ముద్ద అంది, నువ్వు తినకపోతే కాకికి పెట్టేస్తానంది. పెట్టేయమన్నాడు. కాకి పేరు చెప్పినా కదలని పిల్లను చూసి చుక్కమ్మ గుండె జారిపోయింది. మిగతా తొమ్మిదిమందీ కడుపారా తింటున్నారన్న సంగతి ఆమెకు కనబడనేలేదు. పదివేళ్లలో ఒక వేలికి దెబ్బ తగిలితే చేయంతా నొప్పే కదా.

ఈ బతిమాలుడంతా కంచె అవతల మిరప చేలో పడుకుని ఒక నక్క విన్నది. గంప మీద దానికి కన్ను ఈనాటిది కాదు. కాకపోతే గంప ఎద్దు కాళ్ల దగ్గరుంది, ఎద్దుకు కొమ్ములున్నాయి. పలుపుతాడు అందినంత మేరా మైలన్నదే రాజ్యం. కాబట్టి పిల్లలే బయటికి రావాలి, అదీ తల్లే తన చేతులతో పంపాలి. నక్క ఒళ్లు దులుపుకుని కంచె దగ్గరికొచ్చి, ఎంతో మెత్తగా పలకరించింది.

"పిల్లోడు తినట్లేదా తల్లీ?"

చుక్కమ్మ రెక్కలు విప్పింది. మైలన్న కొమ్ములు వంచాడు.

"నేను ఇక్కడే ఉంటాలే, లోపలికి రాను. నరుడి కంటికి నాపరాయైనా పగులుద్దంటారు. పసిగుడ్డు ఎంత? పిల్లోడికి దిష్టి తగిలింది."

"ఎవరి దిష్టి?" అంది చుక్కమ్మ.

"ఎవరిదంటే ఏం చెప్పను? పిల్లలకు ముందు తగిలేది కన్నతల్లి కన్నేనమ్మా."

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. ఆ పొద్దునే చుక్కమ్మ, ఎండలో వరుసగా నిలబడ్డ పదిమందినీ చూసుకుని, ఈ చుట్టుపక్కల నా పిల్లలంత అందం ఎవరికుంది అని మురిసిపోయింది. ఇప్పుడా మురిపెమే గుర్తొచ్చింది. నా కన్నే నా బిడ్డను తిన్నదా అని లోపల్లోపల ఏడ్చింది.

నక్క ఉపాయం కూడా తనే చెప్పింది. కంచె దాటితే మూడు బాటలు కలిసే చోటుంది. పిల్లల్ని అక్కడికి పంపితే దిగదుడిచి పంపిస్తుంది. ఒక్కొక్కరే రావాలి, కలిపి తీస్తే ఒకరిది ఒకరికి అంటుకుంటుంది. తల్లి అటు తిరిగి చూడకూడదు, వెనక్కి పిలవకూడదు. మొదట ఆ తిననివాణ్ని పంపాలి.

నాంచారికి ఇదంతా సబబుగానే తోచింది. తన అక్క పిల్లకు కూడా అలాగే తీయిస్తే మర్నాటికి గెంతిందని సాక్ష్యం చెప్పింది. నక్కకు మన మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందని మైలన్న నెమ్మదిగా అడిగాడు గాని, ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే నాంచారి మరో సాక్ష్యం మొదలుపెట్టింది.

నక్క అంటే ఏమిటో చుక్కమ్మకు తెలియక కాదు. పిల్ల తిననప్పుడు తల్లికి మందు చెప్పిన వాడల్లా వైద్యుడే. వణుక్కుంటూనే చిట్టిగింజను ముందుకు తోసింది. తోసి, ఆగింది. వాడి మొహానికి మట్టి ఉంది. ఎంత ఆపదలో ఉన్నా పిల్లను మురికి మొహంతో బయటికి పంపే తల్లి ఉండదు. ముక్కుతో మొహం తుడిచింది, రేగిన నూగు సర్దింది, మెడ కింద అంటిన గడ్డిపోచ తీసింది.

ఆ మెడ కిందే ఆమె ముక్కు ఆగిపోయింది.

కోడిపిల్ల తిన్నదేదైనా ముందు మెడ కింది సంచిలో చేరుతుంది. పొద్దుటి నుంచి తినని వాడి సంచి ఖాళీగా వేలాడాలి. చిట్టిగింజ సంచి బిగిసి, రాయిలా ఉంది. ఇంకాస్త నొక్కితే ఉలవ గింజ రూపం కూడా తెలుస్తోంది.

"ఏం తిన్నావురా?" అని చెవి దగ్గర అడిగింది.

"ఉలవలు. తాత పెట్టాడు."

"ఊరికే పెట్టాడా?"

చిట్టిగింజ నేల చూశాడు. "మా అమ్మ ఇంకా ఏం పెట్టలేదు అని చెప్పా."

మైలన్న ముసలి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొట్టిలో పెట్టుకున్నాడు. ఆకలని పసివాడు అడిగితే ఎట్టా కాదంటానమ్మా, ఒకసారి గాదు, వాడు నాలుగైదు సార్లు వచ్చాడు అని తొట్టిలోంచే గొణిగాడు. నాంచారి కూడా తను పెట్టిన తవుడు సంగతి చల్లగా బయటపెట్టింది.

చుక్కమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వాడి వీపు మీద ఒక్కటి పొడవాలనీ అనిపించింది. అన్నిటికంటే ముందు ఊపిరి తిరిగింది. బిడ్డకు రోగం లేదు. తన కన్ను మంచిదే. అంటే కంచె దగ్గర నిలబడినవాడిదే చెడ్డకన్ను.

నీ దిష్టీ వద్దు నువ్వూ వద్దు పొమ్మనడానికి నోటిదాకా వచ్చింది. కానీ ఇంటిని నడిపే ఆడది నోటికొచ్చిందల్లా అనేయదు. పొమ్మంటే ఇప్పుడు పోతుంది. చీకటి పడ్డాక చెప్పకుండా వస్తుంది. ముసలి ఎద్దు నిద్రపోతాడు, కుక్క లేదు, గంప అంటే ఎంత, మూతితో ఒక్క తోపు. ఈ నక్కను పంపడం కాదు, మళ్లీ రాకుండా పంపాలి. చుక్కమ్మ దాలి వైపు చూసింది, పరదాల వైపు చూసింది. గొంతులో వణుకు కావాలనే ఉంచుకుంది.

"నువ్వన్నది నిజమేలే మామా. కాకపోతే మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ముందు ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పులో వేస్తాం. దిష్టి ఉంటే ఘాటు రాదు, లేకపోతే వస్తుంది. ఉందని తేలితే ఒక్కణ్నేంది, పదిమందినీ నీ వెంటే పంపిస్తా."

నక్క చెవులు నిక్కాయి. "అట్టాగే కానీ."

"ఒకటే చిక్కు. కారం ఘాటు మా కోళ్లకు తెలీదు. దగ్గరకొచ్చి ముక్కుపెట్టి నువ్వే చెప్పాలి."

నక్కకు లోపల పండగైపోయింది. ఘాటు వచ్చిందో రాలేదో ఈ పిచ్చితల్లికి తెలియదు. రాలేదని ఒక్క మాటంటే పదిమంది పిల్లలు! ఎద్దు పలుపుతాడును కళ్లతోనే కొలిచింది. దాలి తాడుకు అందదు. ఇవతలి పక్కన కూర్చుంటే కొమ్ము తగలదు. దర్జాగా కంచె దూరి వచ్చి దాలి ముందు చతికిలబడింది.

దిష్టి పిల్లకు గుప్పెడు లెక్కన తీయాలంది చుక్కమ్మ. పిల్లలకు అదో ఆట. తలా కొన్ని కాయలు పరదాల మీంచి ఈడ్చుకొచ్చి పోగు పెట్టారు. పదిమంది పిల్లలంటే పది గుప్పెళ్లు, చిన్న సంసారమైతే ఈ కథ ఇంకోలా ఉండేది. చుక్కమ్మ పిల్లల చుట్టూ తిప్పుతూ, "ఇరుగు కన్ను, పొరుగు కన్ను, కంచె పక్కన కాచుకున్న కన్ను" అని దిగదుడిచి, ఒక్కో గుప్పెడే దాలిలోకి తోయించింది. పిల్లల్ని గాలి వచ్చే వైపు నిలబెట్టింది. నాంచారి అప్పటికే గుడిసె వెనక్కి పరుగెత్తింది.

పొగ లేచింది. ఎర్రటి నిప్పు మీద పచ్చి ఘాటు సుడి తిరిగి నేరుగా నక్క మొహానికి కొట్టింది.

"ఘాటుందా మామా?"

"అబ్బే. ఘాటేది తల్లీ, చల్లగా ఉంది."

"మరి కళ్లమ్మట ఆ నీళ్లేంది?"

"నీ పిల్లల మీద జాలి."

"గొంతు బొంగురు పోయిందే?"

"జాలి గొంతులోకి దిగింది."

మళ్లీ ఓ గుప్పెడు పడింది, మళ్లీ ఓ గుప్పెడు. నక్క ఊపిరి బిగబట్టి కూర్చుంది. దవడలు అదురుతున్నాయి, ముక్కు కారుతోంది. అయినా పదిమంది పిల్లలు కళ్ల ముందు ఆడుతుంటే లేవబుద్ధి కాలేదు. ఆశ ముందు సిగ్గే నిలవదు, మంట ఎంత?

"ఇదే ఆఖరిది, చిట్టిగింజది. తిననివాడిది కదా, దీన్ని మాత్రం నిండా పీల్చి చెప్పు మామా. నీ నోటి మాట మీదే పిల్లల్ని పంపుతున్నా."

నిండా పీల్చక తప్పలేదు. పీల్చింది.

ఆ తర్వాత లేదని చెప్పడానికి నక్కకు నోరు ఖాళీ లేదు. దగ్గు, తుమ్ము, కేక ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కళ్లు మూసుకుపోయాయి. ఎటు కంచో ఎటు గుడిసో తెలియక గిర్రున తిరిగి, పరుగెత్తకూడని వైపుకే పరుగెత్తింది. మైలన్న ముసలివాడే గాని కొమ్ములు ముసలివి కావు. పైగా ఉలవల సిగ్గు ఒకటి తీర్చుకోవాలి. కడుపు కింద కొమ్ము పెట్టి ఒక్క ఎత్తు ఎత్తితే, నక్క కంచె దాటి రేగుకంపలో పడింది.

"దిష్టి లేదట మామా, ఘాటు వచ్చింది," అని చుక్కమ్మ ఇవతలి నుంచి చెప్పింది.

ఆ తర్వాత ఆమె ఊరికే కూర్చోలేదు. చిట్టిగింజను పిలిచి, అమ్మ పెట్టినా పెట్టలేదని ఇంకోసారి చెబితే ఏమవుతుందో వీపు మీద ఒక్క పోటుతో తెలియజెప్పింది. వాడేం అడిగినా మీ అమ్మనడిగి రా అనమని మైలన్నతో, నాంచారితో ఒట్టు వేయించుకుంది. మైలన్న తల వంచి, ఇన్నేళ్లు బండి లాగాను, బరువంటే నాకే తెలుసనుకున్నానమ్మా, నీ రెక్కల కిందున్నది నేను లాగలేనని అన్నాడు. చుక్కమ్మకు అదీ సగమే వినబడింది. ఎడమ రెక్క కింద కొట్లాట మొదలైంది మరి.

నక్క మాత్రం ముళ్లు పీక్కుంటూ, తుమ్ముకుంటూ చేలు పట్టుకు పోయింది. దగ్గు దాన్ని చాలాకాలం వదల్లేదు. పొదలో నక్కి కూర్చుంటే చాలు, ముందు దగ్గొచ్చేది, ఎలుకలూ కుందేళ్లూ ఆ దగ్గు విని తీరిగ్గా ఇళ్లకు పోయేవి.

పిల్లల్ని రోజూ తడిమే తల్లిని భయపెట్టగలరు గాని, మోసపుచ్చలేరు.