దొరగారి బండికి ముందు టైర్లు

నీలాద్రిరావు దొరగారికి తాతల నాటి బుల్లి తోట ట్రాక్టరు ఒకటి ఉండేదట. టైర్లు అరిగిపోతే, బండ్లు బాగుచేసే గురవయ్యను పిలిపించారు.

"నాలుగూ పెద్దవే వెయ్యరా! నా బండికి ముందు పిల్ల టైర్లా? నామర్దా!"

"ముందు పెద్దవి పెడితే బండి మలుపు తిరగదు బాబయ్యా."

"నాకే చెప్తావా? వెయ్యకపోతే రేపే నీ కొట్టు పీకిస్తా!"

గురవయ్య తల గోక్కున్నాడు. "ఊరేగింపులో తమరి ముందు నడిచే బంట్రోతు మరీ పొట్టివాడేం బాబయ్యా?"

"పొడుగువాడైతే వెనకున్న నేనెవరికి కనపడతానురా?"

"ట్రాక్టరుకి ముందు చక్రాలే బంట్రోతులండి. తమరు కూర్చునేది వెనక పెద్దవాటి మీద కదా!"

ఏం చిత్రమో, దొరగారు మీసం దువ్వుకున్నారు. "అందుకే ముందు చిన్నవి వెయ్యమన్నాను. వినపడలేదా?"

"ఇప్పుడు వినపడింది బాబయ్యా" అన్నాడు గురవయ్య, చిన్న టైర్లు బిగిస్తూ.