అడిగేవాళ్లకు కూలి

అనగనగా ఒక రాజ్యం. రాజ్యానికో రాజు, రాజుకో కోట, కోటకు ఏడు ద్వారాలు. ఏడు ద్వారాలకూ కాపలా ఉన్నా, ఒక ఏడాది విషజ్వరం ఎవర్నీ అడక్కుండా లోపలికి వచ్చేసింది.

రాజు పేరు ధర్మకేతుడు. చెడ్డవాడు కాడు. జ్వరం వచ్చిందని తెలియగానే నలుగురూ ఒకచోట చేరే పనులన్నీ ఆపించాడు. సంతలు మూయించాడు, పడవలు కట్టేయించాడు, రాజవైద్యుడు కాచిన కషాయం ఊరూరికీ పంపించాడు. ఆరు నెలలు జనం అల్లాడిపోయారు. ఏడో నెలలో జ్వరం తగ్గింది. ఎనిమిదో నెలలో ఎక్కడా లేదు.

రాజుకు సంతోషం పట్టలేదు. కోటలో మూడు రోజులు మంగళవాద్యాలు మోగించాడు. కోట లోపలి అంగళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. జ్వరాన్ని జయించిన గుర్తుగా కోట ముందు రాతి స్తంభం నిలిపి, దాని మీద బంగారు కలశం పెట్టాలని రాజు నిర్ణయించాడు. జ్వరం తనంతట తానే పోయిందో, కషాయానికి భయపడి పోయిందో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం రాజుకు రావాలి కదా.

ఆ కోటలోనే గవరమ్మ అనే మంత్రసాని ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్లో నొప్పులు మొదలైనా ఆమెకే కబురు వచ్చేది. వెళ్లేది, పురుడు పోసేది, తల్లీబిడ్డల్ని చూసుకుని తిరిగి వచ్చేది. అలాంటి గవరమ్మకు జ్వరం పోయాక దిగులు పట్టుకుంది.

జ్వరం ఉన్న రోజుల్లో ఆమె చేతుల్లో పోయిన తల్లి ఒక్కతే. జ్వరం పోయిన రెండు నెలల్లో ముగ్గురు పోయారు. ముగ్గురికీ ఒళ్లు కాలలేదు, ఏ రోగమూ కనబడలేదు. నొప్పులు పడే ఓపిక లేదు, అంతే. తిండి తింటున్నారా అని అడిగితే ముగ్గురూ తింటున్నామనే చెప్పారు. ఆమె పురుడు పోయాల్సినవాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ల ముఖాలు తలుచుకుంటే గవరమ్మకు ముద్ద దిగేది కాదు.

సిగ్గు పక్కన పెట్టి ఆమె రాజసభకు వెళ్లింది. జ్వరం వెళ్లిపోయిన ఇళ్లలో ఇప్పుడు ఏం జరుగుతోందో కనుక్కోవాలని చెప్పింది. తనకు తెలిసిన ఆడవాళ్లు ఎనిమిది మంది ఉన్నారని, మూడు నెలలు ఇల్లిల్లూ తిరుగుతారని, వాళ్లకు రోజుకింత కూలి ఇప్పించమని వేడుకుంది.

రాజవైద్యుడు నవ్వాడు. రోగం సంగతి నాడి చెబుతుందని, జ్వరం పోయిందని రాజ్యంలోని నాడులన్నీ చెప్పాయని అన్నాడు. రాజు వైద్యుడి మాటే నమ్మాడు. గవరమ్మ వెనక్కి వచ్చింది. ఎనిమిది రోజులకు నేతలపాడులో దాలమ్మ పోయింది. పదకొండు మందిలో పది మంది మిగిలారు.

గవరమ్మ రెండోసారి వెళ్లింది. ఈసారి మంత్రి శ్రీకంఠయ్య అడ్డుపడ్డాడు. ఆయన పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు.

"అడగడానికి నోరుంటే చాలు, కూలి ఎందుకు?" అన్నాడు. "కరణాలు ఉన్నారుగా. ఎలాగూ జీతం తింటున్నారు, వాళ్లే అడుగుతారు."

రాజుకు ఆ మాట నచ్చింది. నలభై ఊళ్లకు నలభై మంది కరణాలు గుర్రాలెక్కి బయలుదేరారు. తాటాకులు, గంటాలు పట్టుకుని వీధి మధ్యలో నిలబడి, అందరూ బాగున్నారా అని గద్దించి అడిగారు. గంటం చూడగానే జనానికి పన్ను గుర్తుకు వచ్చింది. కష్టం చెప్పుకుంటే రాజుగారి మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని భయం వేసింది. తమ దయ వల్ల చల్లగా ఉన్నామని చేతులు జోడించి చెప్పారు. కరణాలు అలాగే రాసుకుని మధ్యాహ్నం భోజనాల వేళకు ఇళ్లు చేరారు.

వాళ్ల తాటాకులు సభకు చేరేలోపు ఉప్పుమడులపాలెంలో అప్పలకొండ పోయింది. అది ఆమెకు తొలికాన్పు. బిడ్డ బతికాడు. ఆ బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టి గవరమ్మ తిన్నగా కోటకు నడిచింది. దారి పొడవునా ఏడుస్తూనే ఉంది.

సభలో అప్పుడే కరణాల తాటాకులు చదువుతున్నారు. ఒక ఊరు చల్లగా ఉంది. ఇంకో ఊరు చల్లగా ఉంది. నలభయ్యో ఊరు కూడా చల్లగానే ఉంది. రాజు తల ఊపుతూ వింటున్నాడు.

వెనక నుంచి గవరమ్మ అంది: "నలభై ఊళ్లలో ఒక్కరికి తలనొప్పి కూడా లేదా మారాజా?"

సభ ఘొల్లుమంది. రాజు కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. తన అంతఃపురంలోనే ఆ పూట ముగ్గురికి జలుబు. నలభై ఊళ్లలో ఒక్క జలుబైనా లేదంటే తాటాకులు అబద్ధమాడుతున్నాయన్నమాట. నీ మనుషులు అడిగితే మాత్రం జనం నిజం చెబుతారా అని ఆమెను అడిగాడు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు బాబూ. అడిగేవాడు గుర్రం దిగకపోతే అమ్మయినా నిజం చెప్పదు," అంది గవరమ్మ. "మావాళ్లు వెళ్లి పక్కన కూర్చుంటారు. వడ్లు దంచుతుంటే ఓ పోటు వేస్తారు. మర్నాడు మళ్లీ వెళ్తారు. వాళ్లూ రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లే. రోజంతా ఇంకొకరింట్లో కూర్చుంటే వాళ్లింట్లో పొయ్యి వెలగదు. అందుకే కూలి అడిగాను."

ఖజానాలో అంత ధనం ఎక్కడిదని మంత్రి గొణిగాడు. గవరమ్మ కిటికీలోంచి కనబడుతున్న స్తంభం వైపు చూసింది. రాజు కూడా అటే చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. కలశం పని ఆపి ఆ బంగారం అమ్మి గవరమ్మకు ఇమ్మన్నాడు. మనసులో బాధ లేకుండా మాత్రం అనలేదు.

ఎనిమిది మంది ఆడవాళ్లు ఊళ్ల మీదికి వెళ్లారు. మొదటి రోజు వాళ్లకూ చల్లగా ఉన్నామనే జవాబు వచ్చింది. రెండోసారి వెళ్తే, పనుల్లేవమ్మా అన్నారు. మూడోసారి వెళ్లేసరికి వంటింట్లోకి పిలిచి గంజికుండ చూపించారు. కుండలో మెతుకులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆ మెతుకులు మొదట మగవాళ్లకు, తర్వాత పిల్లలకు. కడుపుతో ఉన్న కోడలికి మిగిలేది అడుగున నీళ్లు. ఇంటి పరువు బజారున పడుతుందని, మంత్రసాని అడిగినా తింటున్నామనే చెప్పారు.

పనులెందుకు లేవని అడిగారు. నేతలపాడులో నేసిన చీరలు దూలాల ఎత్తున పేర్చి ఉన్నాయి, సగం ఎలుకలు కొట్టేశాయి. ఉప్పుమడులపాలెంలో ఉప్పు కుప్పలు వానకు కరిగి మళ్లీ సముద్రంలో కలిశాయి. కుమ్మరుల ఊళ్లో కుండలు కాల్చే ఆవంలో నిప్పు వేసి ఏడాది కావస్తోంది. కొనేవాళ్లు లేరు. ఎందుకు లేరంటే సంత లేదు. సంత ఎందుకు లేదంటే, అడిగినవాళ్లను వింతగా చూశారు. రాజుగారు మూయించారు కదా, ఇంకా తప్పెట మోగలేదు కదా అన్నారు.

ఆ రాజ్యంలో అదొక ఆచారం. రాజుగారి మాట ఊళ్లకు తప్పెట మీదే వస్తుంది. తప్పెట మూసినదాన్ని తప్పెటే తెరవాలి. చాటింపు వేసే గంగులు ఊరూరా సంతలు మూయించి, ఆ జ్వరంలోనే పోయాడు. అతని పని ఇంకొకరికి అప్పగించాలని ఎవరికీ తోచలేదు. కోటలో మోగిన మంగళవాద్యాలు కోట గోడలు దాటలేదు. జ్వరం పోతే సంతలు వాటంతటవే తెరుచుకుంటాయని రాజు అనుకున్నాడు. సంతలు తెరవలేదు గనక జ్వరం ఇంకా ఎక్కడో ఉందని జనం అనుకున్నారు.

గవరమ్మ మూడు నెలలు ఆగలేదు. ఇరవయ్యో రోజునే సభకు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రాజుకు కోపం వచ్చింది. ఆకలితో మాడుతూ కూర్చునే బదులు వాళ్లే తెరుచుకోవచ్చు కదా అన్నాడు.

"తమరు మూయమన్నారని మూశారు బాబూ. తమరు తెరవమంటారనే కూర్చున్నారు."

మూయమన్న ఆజ్ఞ ఎవరిదని రాజు మంత్రిని అడిగాడు. తమదేనన్నాడు మంత్రి. తెరవమన్న ఆజ్ఞ ఎక్కడుందని అడిగాడు. మంత్రి తల వంచుకున్నాడు. రాజు కూడా వంచుకున్నాడు.

ఆ సాయంత్రమే గంగులు తమ్ముడి మెడలో తప్పెట పడింది. వారం తిరిగేసరికి మూడు సంతలు నిండాయి. సంత తెరిచిన మర్నాడే ఒంటికి బలం రాదని గవరమ్మ చెబితే, నెలలు నిండుతున్న ప్రతి తల్లికీ కోట గాదెల నుంచి బియ్యం, పప్పు, నెయ్యి పంపించారు. అవి ఆ తల్లే తినేదాకా ఎనిమిది మందిలో ఒకరు పక్కనే కూర్చునేవారు. అత్తలు కొందరు సణిగారు. సణిగితే సణిగారు.

తొమ్మిది మందీ సుఖంగా ప్రసవించారు. గవరమ్మ ఆ శుభవార్త చెప్పడానికి వెళ్లినప్పుడు రాజు ఆమెకు పట్టుచీర ఇచ్చాడు. అందరూ వెళ్లాక ఒక మాట అడిగాడు.

"నువ్వు మొదటిసారి వచ్చినప్పుడే నేను ఆ కూలి ఇచ్చి ఉంటే?"

గవరమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"పదకొండు మంది ఉండేవారు బాబూ," అంది.

రాజు మర్నాడు కొత్త శాసనం వేయించాడు. ఇకమీదట ఏ రోగం వచ్చి ఏది మూయాల్సి వచ్చినా, మూసిన రోజునే అడిగేవాళ్ల కూలి విడిగా తీసి పెట్టాలి, రోగం పోయాక ఏడాది వరకూ వాళ్లు ఇల్లిల్లూ తిరగాలి.

కాబట్టి పిల్లలూ, రోగం పోయిందని సంబరపడితే చాలదు. పోతూ పోతూ అది ఎవరింట్లో ఏం పట్టుకుపోయిందో అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడానికయ్యే ఖర్చు, అడగకపోవడం వల్ల వచ్చే నష్టం కన్నా ఎప్పుడూ తక్కువే.