తోడికోడళ్ళు పలికించిన వీణ

అనగా అనగా, గోదావరి నడుమ ఒక లంక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు చిట్టితల్లీ. పెద్దావిడ తాయారమ్మ, చిన్నావిడ కనకరత్నం. నేను నీ అంత ఉన్నప్పుడు వాళ్ళది మా పక్కిల్లే.

తాయారమ్మ దీపాలు పెట్టే వేళకి వీణ తీసుకుని కూర్చునేది. అది వింటూ మా వీధి వీధంతా అన్నాలు తినేది. పిల్లలం, మాకు వేరే జోలపాటే అక్కర్లేదు. ఇప్పటికీ వేడన్నంలో నెయ్యి వాసన వేస్తే నాకు ఆ వీణే వినిపిస్తుంది.

అలా ఉండగా, ఆవకాయ జాడీ దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పొయ్యిలు వేరయ్యాయి. నట్టింట్లో తడిక లేచింది. ఆ తర్వాత పలకరింపుల్లేవు.

అప్పుడొచ్చిన వానల్లో తాయారమ్మ నాచు మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కడితే ఎముక అతుక్కుంది గానీ, వేళ్ళు వంగలేదు. వీణ మీటేది ఆ వేళ్ళతోనే కదూ! పాపం, వీణకి పాత చీర చుట్టి మూల పెట్టేసింది. మా వీధి బోసిపోయింది.

ఒక సాయంత్రం రత్నం బియ్యం చెరుగుతోంది. తడిక అవతల ఏదో గొణిగినట్టు వినిపించింది. తొంగి చూస్తే, తాయారమ్మ వీణ ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో మెట్ల మీద తీగ నొక్కుతోంది. మీటే చెయ్యి లేక పాట పైకి రావడం లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

రత్నం చేట కింద పెట్టేసింది. తడిక దాటి వెళ్ళి ఆవిడ కుడి పక్కన చతికిలబడింది.

"అక్కయ్యా, ఏ తీగ మీటాలో చెప్పు."

తాయారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత వీణని కాస్త రత్నం వైపు జరిపి, "ఇదిగో, ఇది" అంది.

మొదటి రోజు రత్నం లాగిన లాగుడికి తీగ తెగి ఊరుకుంది. "మీటమన్నానే గానీ కలుపు పీకమన్నానా!" అంది తాయారమ్మ. ఇద్దరికీ ఒకటే నవ్వు.

రెండో రోజు రత్నం చెయ్యి ముందు పరిగెత్తింది. పాట కుంటింది. అప్పుడు తాయారమ్మ వరస చెప్పింది. చూపుడు వేలు, నడిమి వేలు, మళ్ళీ చూపుడు వేలు, ఆఖర్న చిటికెన వేలితో తాళం తీగ. రత్నం ఆ వరసని చేట అంచు మీదా, బిందె మీదా, కునుకు తీస్తున్న మొగుడి వీపు మీదా కూడా సాధన చేసింది!

మూడోసారి కూర్చున్నప్పుడు తాయారమ్మ, "నా చెయ్యి చూడకు రత్నం. నాతోపాటు లోపల్లోపల పాడుకో" అంది. అప్పుడు పలికిందమ్మా వీణ! మా అమ్మ చేతిలో గరిటెతోనే వీధిలోకి పరిగెత్తింది.

ఆ తర్వాత తడిక తీసి పొయ్యిలో పెట్టారు.

"అక్కయ్యా, మా పుట్టింటి పడవ పాట దీనిమీద పలుకుతుందా?"

"పాడు, చూద్దాం."

రత్నం ఒక్కో ముక్కా పాడేది. తాయారమ్మ మెట్లు వెతికేది. తెడ్డు నీళ్ళలో పడే చోట తాళం తీగ మోగి తీరాలని రత్నం పట్టుబట్టేది. అలా ఎన్ని పాటలు కట్టారో!

ఒకనాడు రాజమండ్రి నుంచి వచ్చిన చుట్టం వీధిలోంచే వీణ విని, గుమ్మంలోకి రాగానే అడిగాడు: "ఎవరమ్మా అంత బాగా వాయించింది?"

"మా రత్నం" అంది తాయారమ్మ.

"మా అక్కయ్య" అంది రత్నం, ఆవిడ మాట పూర్తి కాకుండానే.

కథ కంచి దారి పట్టింది,
కన్ను నిద్దర దారి పట్టింది,
నా చిట్టితల్లి నా కొంగు పట్టింది.