పెంటమ్మ హీటరు

"మాస్టారూ, ఒక మనిషిలో సరుకు లేదని ఎప్పుడు తేల్చుకోవాలి?" అని లోకనాథం అడిగాడు.

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. కొండల కింద ఉన్న మా ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పడానికి అతను ఆ ఏడే చేరాడు. అంతకు ముందు అక్కడే, గౌరినాయుడు మాస్టారి దగ్గరే చదువుకున్నాడు. అతని తరగతిలో కిల్లో డొయిమతి అనే అమ్మాయి ఉంది. వైర్‌మన్ పని నేర్చుకుందామని వాళ్ళ కొండ ఊరి నుంచి దిగివచ్చిన మొదటి ఆడపిల్ల. ఇంట్లో కువి భాష మాట్లాడుతుంది, తెలుగు బడికొచ్చాక నేర్చుకుంది. లోకనాథం పాఠమేమో తెలుగువాళ్ళకే సగం బోధపడేంత ఇంగ్లీషుతో, రైలు తప్పిపోతుందన్నట్టు సాగేది. పెట్టిన పరీక్షలన్నీ ఆ అమ్మాయి తప్పింది. ఆమెను తరగతి నుంచి తీసేయమని ప్రిన్సిపాలుగారికి చెప్పబోతున్నాడు. తీసేస్తే ఆమె చదువు అక్కడితో సరి.

అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం గౌరినాయుడు మాస్టారి ఒంట్లో లేదు. అదొక జబ్బని మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం. "మీటరు తీసుకురా. పెంటమ్మ రమ్మని కబురు పెట్టింది" అని స్కూటరు తీశారు.

పెంటమ్మ కోళ్ళు పెంచుతుంది. ఆ ఏడు చలి పళ్ళు టకటకలాడించేసింది. తోట చివరి షెడ్డులో ఆమె కోడిపిల్లలు హీటరు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ముడుచుకుని ఉన్నాయి. కొన్ని అప్పటికే చచ్చిపోయాయి. మాస్టారిని చూడగానే ఆవిడ అందుకుంది.

"ఏటి మేస్టారూ ఈ ఈటరు! ఎలగడానికే దీనికి బద్దకం. నా పిల్లలు సచ్చిపోతన్నాయి. దీన్నట్టుకెళ్ళి ఏట్లో ఇసిరి పారేత్తాను సూడండి!"

లోకనాథం వంగి చూశాడు. కాయిల్ సరిగ్గా ఎర్రబడనైనా లేదు. "కాయిల్ పోయింది మాస్టారూ, మార్చేయాల్సిందే" అన్నాడు.

"కంటితో చెబుతున్నావా, మీటరుతో చెబుతున్నావా?"

లోకనాథం మీటరు తీశాడు. హీటరు కొసల దగ్గర నూట అరవై వోల్టులు ఉంది. కాయిల్ గుండా మూడు ఆంపియర్లు పారుతోంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం యాభై మూడు ఓములు వచ్చింది. హీటరు రేకు మీద రెండువందల ముప్పై వోల్టులు, వెయ్యి వాట్లు అని రాసి ఉంది. కొత్తలో నిరోధం ఎంత ఉండాలో తేల్చడానికి ఆ వోల్టేజీని దానితోనే గుణించి వాట్లతో భాగించాడు. మళ్ళీ యాభై మూడే! కొన్ననాడు ఎలా ఉందో ఆ కాయిల్ ఈనాడూ అలాగే ఉందన్నమాట.

"మరి అది ఇస్తున్న వేడి ఎంత?" అన్నారు మాస్టారు.

లోకనాథం ఈసారి నూట అరవైని మూడుతో గుణించాడు. నాలుగువందల ఎనభై వాట్లు. వెయ్యిలో సగం కూడా లేదు. ఏ లోపమూ లేని కాయిల్ సగం వేడైనా ఇవ్వలేకపోవడమేమిటని అతనికి పట్టుదల వచ్చింది. మాస్టారిని ఒక్క మాట అడగకుండా షెడ్డులోంచి బయటికి వచ్చి, వైరు వెంట నడిచాడు. ఎప్పుడో ఒక్క బల్బు కోసం లాగిన సన్న వైరు అది. ఇంటి గోడకున్న కరెంటు మీటరు దగ్గర బయల్దేరి తోటంతా దాటి షెడ్డు చేరుతోంది. ఇంటి దగ్గర కొలిస్తే రెండువందల ఇరవై అయిదు వోల్టులున్నాయి. తగ్గినదంతా దారిలో ఆ సన్న వైరే తినేస్తోంది.

అతను పరుగున వెనక్కి వచ్చాడు. "అమ్మా, హీటరు బంగారంలా ఉంది. దానిదాకా కరెంటే సరిగ్గా రావడం లేదు. లావు వైరు వేసేదాకా పిల్లల్ని మీ ఇంట్లో పెట్టుకోండి."

"నా ఇంట్లోనా? రెట్టలేసి ఇల్లంతా పాడుసేసేత్తాయి గదా బాబూ!" అంటూనే పెంటమ్మ అందరికంటే ముందు గంప ఎత్తుకుంది.

ముందు గదిలో, మీటరు పక్కనున్న ప్లగ్గుకే హీటరు తగిలించారు. కాయిల్ కణకణలాడుతూ ఎర్రబడింది. కాసేపటికి ముద్దగా ఉన్న కోడిపిల్లలు ఒక్కొక్కటే విడివడ్డాయి. గదంతా పరుచుకుని కిచకిచలాడుతూ నూకల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాయి. వాటిని చూస్తూ పెంటమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మంచిదాన్నట్టుకుని ఎన్ని తిట్లు తిట్టీసినానో!" అంది.

ఆ మాట లోకనాథానికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు మీద మాస్టారి వైపు ముందుకు వంగాడు.

"డొయిమతిని తీసేయమని చెప్పను మాస్టారూ. రేపు ఇంకో పరీక్ష పెట్టి చూస్తాను" అన్నాడు. పెద్ద మనసు చేసుకున్నానన్న ధీమా ఆ గొంతులో ఇంకా కాస్త మిగిలే ఉంది.

మాస్టారు స్కూటరు ఆపలేదు, వెనక్కి తిరిగీ చూడలేదు.

"కాయిల్‌ని మళ్ళీ మళ్ళీ పరీక్షించడమెందుకయ్యా? వెళ్ళి నీ వైరు చూసుకో" అన్నారు.