ఓబుళేసు సద్దిమూట

మా తిమ్మప్ప గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పడు. ముందు అడిగినవాని మొహం చూస్తాడు, తర్వాత వాని కాళ్లు చూస్తాడు. చెక్కభజన నేర్పే మనిషికి కాళ్లు చూసే బుద్ధి ఎక్కడికి పోతుంది? చేతుల్లో చెక్కలు తాళం వేస్తుంటే, కాలి గజ్జెలు ఆ తాళానికి బదులిస్తుంటే, వరసలో ఉన్న మగవాళ్లంతా ఒక్క మనిషిలా అడుగెయ్యాలి. నోరు అబద్ధమాడినా కాలు ఆడదు అనేవాడు. ఆయన నాకు సొంత అన్న. అయినా పదిమందిలో నేనూ గురువనే అన్నాను, ఇప్పుడూ అట్లే అంటాను. ఆయన ఇంటి పొయ్యి నా చేతిలో ఉండేది. కొంతమంది ఈ కథను వేరేగా చెప్తున్నారు. చెప్పుకోనీ. ఆ రోజు వాళ్లు వాకిట్లో కూచోని తింటా ఉండిరి, నేను నిలబడి చూస్తా ఉంటిని.

గురువు శిష్యుల్లో ఓబుళేసు మొదటివాడు. గురువు ముసలివాడై ఊర్లు తిరగడం మానినాక గజ్జెల పెట్టె వానికే అప్పగించినాడు. ఆ కాలంలో ఏ ఊరు చెక్కభజన నేర్చుకోవాలనుకున్నా, నేర్పేవాణ్ణి పిలిపించుకొని నెలలకొద్దీ ఊర్లోనే పెట్టుకునేవాళ్లు. పూటకొక ఇల్లు వంతు వేసుకొని అన్నం పెట్టేది. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, మా మెట్టపొలాల ఊర్లలో అప్పుడు బియ్యం బువ్వ అంటే పండగే. మిగతా దినాలన్నీ రాగిసంగటి, కొర్రబువ్వ, జొన్నరొట్టె. సంగటి కుండ దించి మూత తీస్తే లేచే ఆవిరి, రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి, అదే ఊరిబిండి, చేనుగట్టున గిల్లుకొచ్చిన గురుగాకుతో పప్పు. పొద్దున్నే వీధిలో నడిస్తే ఇంటింటి ముందరా ఆ వాసన తగిలేది. ఏ ఇంట్లో సంగటి అడుగంటిందో గడప తొక్కకుండానే చెప్పేదాన్ని నేను. అయితే ఊరికొచ్చిన గురువుకు సంగటి పెడితే ఆ ఇంటికి తలవంపు. దాచిపెట్టిన బియ్యం దించేవాళ్లు. శనగపప్పు ఉడకేసి, బెల్లం కలిపి పూర్ణం రుబ్బి ఓళిగలు కాల్చేవాళ్లు. కోస్తావాళ్లు బొబ్బట్లు అంటారే, అవే. వాటి మీద నెయ్యి ధారగా పోసేవాళ్లు. తన వంతు వచ్చిన పూట ఏ ఇల్లాలు తక్కువ చేస్తుంది?

ఓబుళేసు ఆ తిండికి మరిగినాడు. ఒకసారి మా ఇంటికొచ్చి, నేను పెట్టిన సంగటి ముద్దను వేలితో నొక్కి, "ఏమక్కా, ఎద్దులకు కలిపింది మిగిలిందా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నా సంగటిని అంతకు ముందు ఎవరూ ఒక మాట అన్నది లేదు, తర్వాతా లేదు. ఆ మాట నేను మరవలేదు. మరిచేది లేదు.

గురుపూజ ఏటా మా వాకిట్లోనే జరిగేది. దానికి గురువు పెట్టిన కట్టడి ఒకటుంది. పూజకు ఓళిగ నేను చేస్తాను, తలా ఒకటి. మిగతా తిండి ఎవరి ఇంటి సద్ది వాళ్లే మూటగట్టుకొని తెచ్చుకోవాలి. గురువు ఇల్లు శిష్యుల మీద బతకదు, శిష్యులు గురువు ఇంటి మీద బరువు కారు, అదీ లెక్క. ఆ ఏడు ఓబుళేసు కుంటుకుంటా వచ్చినాడు. కుడికాలికి తువ్వాలు చుట్టి ఉంది. గురువు వాని మొహం చూసి, కాలు చూసి, అక్కడే కళ్లు నిలిపినాడు.

"ఏమైందిరా?"

"పల్లేరుకాయ దిగింది గురువా. మానడం లేదు."

"ఎప్పుడు దిగింది?"

ఓబుళేసు తల దించుకున్నాడు. "తెలీలేదు గురువా. అడుగులు చూపిస్తా ఉంటే నేలంతా నెత్తురు మరకలు పడినాయంట. పిల్లోళ్లు చూసి చెప్పినారు."

అప్పుడు చూడాలి గురువు మొహం. నేల మీద ఆవగింజ పడి ఉన్నా మా ఓబుళేసు కాలికి తెలుస్తుందని ఊరూరా చెప్పుకున్న మనిషి ఆయన. ఆ కాలికి ముల్లు దిగితే తెలీలేదు. టౌను డాక్టరు చూసి ఒంట్లో చక్కెర జబ్బు ఉంది, అది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏండ్ల తరబడి లోపల పెరిగింది అన్నాడంట. మందు మింగు, తీపి మాను, తెల్లబువ్వ తగ్గించు, లేదంటే ముందు వేలు తీయాల్సొస్తుంది, తర్వాత పాదం అన్నాడంట. పాదం పోయిన చెక్కభజన గురువును ఏ ఊరు పిలుస్తుంది? పక్క నెలలో నేర్పడానికి బండమీదపల్లికి పోవాలి, అక్కడ వంతులు కూడా వేసుకున్నారు. ఓబుళేసుకు డాక్టరు మాట లోపలికి దిగలేదు. దిగనీకుండా పట్టుకొని వచ్చినాడు.

"నాకొక మాట చెప్పు గురువా. నేనేం కానిది తిన్యాను? కల్లు ముట్టలేదు. దొంగతనంగా ఒక్క ముద్ద మింగలేదు. ఎవరింట్లో కూచుంటే వాళ్లు వాళ్ల విస్తట్లో వేసుకున్యదే నా విస్తట్లో వేసినారు. ఒకే కుండ, ఒకే గరిటె. వాళ్లంతా గుండ్రాళ్ల మాదిరి తిరుగుతా ఉండారు. ఒకే కుండలో తింటే నా కాలికి మాత్రం ఎందుకొచ్చె ఈ రోగం?"

గురువు వాని మాటంతా విని, పూజ కానిచ్చినాడు. పూజ అయినాక అందరినీ వరసగా కూచోబెట్టి సద్దులు విప్పమన్నాడు. వరస పొడుగునా మూటలు విప్పుకున్నాయి. సంగటి ముద్దలు, సజ్జరొట్టెలు, ఉల్లిగడ్డలు, ఎండుమిరపకాయ కారం. ఒకరి ఊరిబిండి ఒకరు అడుక్కుంటున్నారు. ఓబుళేసు మూట మాత్రం వాని వెనకాలే ఉండిపోయింది. గురువు దాన్ని చూసీ చూడనట్టు, వరస మొదట్లో కూచున్న చౌడప్పను పిలిచినాడు.

"చౌడప్పా, మీ ఇంట్లో ఓళిగలు కాల్చింది ఎప్పుడురా?"

"ఇంకెప్పుడు గురువా, ఓబుళేసన్న మా ఊరికొచ్చినప్పుడే. అన్న మళ్లీ ఎప్పుడొస్తాడా అని మా పిల్లోళ్లు దోవ చూస్తా ఉండారు."

అందరూ నవ్వినారు. ఓబుళేసు మీసం దువ్వుకున్నాడు. గురువు పక్కన ఉన్న సంజప్ప వైపు తిరిగినాడు.

"మా ఇంట్లోనూ అన్నొచ్చిననాడే గురువా. నెయ్యంతా అన్నకు పోసి, నన్ను గిన్నె నాక్కోమనింది మా ఆడది. అడుగు, నిజమా కాదా!"

మళ్లీ నవ్వులు. గంగులప్పను అడిగితే, అన్నొచ్చినప్పుడు. వాని పక్కోణ్ణి అడిగితే, అన్నొచ్చినప్పుడు. వేరే వేరే ఊర్లవాళ్లు, ఒకే మాట. ఆ మాట వరసలో ఒకరి నుంచి ఒకరికి నడుచుకుంటా వస్తుంటే, ఓబుళేసు మీసం మీది చెయ్యి దిగిపోయింది. వరస చివర వాడే ఉన్నాడు.

"నీ మూట విప్పు ఓబుళేసా."

విప్పినాడు. నిమ్మకాయ చిత్రాన్నం, అరిటాకులో ఓళిగలు, ఆకంతా నెయ్యి. మొన్నటిదాకా ఉన్న ఊరివాళ్లు కట్టిచ్చినారంట, వద్దన్నా వినలేదంట. ఎవరూ నవ్వలేదు. గురువు గొంతు పెంచలేదు. "వాళ్లు నీతో కూచోని తిన్యారు, అది నిజమే. నువ్వు లేచి పోయినాక వాళ్లేం తిన్యారో ఎప్పుడన్నా చూసినావా?" అని మాత్రం అడిగినాడు.

ఓబుళేసు ఆ అరిటాకును మడిచి పక్కన పెట్టినాడు. తర్వాత చిన్నపిల్లోని మాదిరి అడిగినాడు. "బండమీదపల్లోళ్లు పెడితే వద్దని ఎట్లా చెప్పేది గురువా? పెట్టే ఇల్లాలు మొహం ముడుచుకుంటుంది. ఊరోళ్లు నన్ను పొగరుబోతు అంటారు."

గురువు నా వైపు తిరిగి, "కుళ్లాయమ్మా, రేపు పొద్దున్నే వీనికి సంగటి చెయ్యడం నేర్పు" అన్నాడు. నేను నేర్పాలంట! ఆ మాట అన్నవానికి! అయినా గురువు చెప్పినాక కాదనేది ఉండదు. పొద్దున్నే పొయ్యి ముందర కూచోబెట్టి, "నూకలు మెత్తగా ఉడికినాకే పిండి పోయాల. పోసినాక తెడ్డు ముట్టొద్దు, ఉడకనీ. ఆమీద కుండను కాళ్లతో అదిమిపట్టి, గడ్డ లేకుండా కెలకాల. ఎద్దులకు చేసేది నీకెందుకులే అనుకుంటివి కదా, నేర్చుకో ఇప్పుడు" అన్నాను. వాడు తెడ్డు పట్టుకొని, "నేర్పక్కా. నన్ను ఎద్దే అనుకో" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

బండమీదపల్లిలో జరిగింది చౌడప్ప చూసొచ్చి చెప్పినాడు. వంతు ఉన్న ఇంటి వాకిట్లోనే ఓబుళేసు రాళ్ల పొయ్యి పెట్టుకున్నాడంట. ఆ ఇల్లాలు, "నా చేతి కూడు పనికిరాలేదా సామీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చిందంట. వాడు లేచి పోలేదు. ఆ ఇంటివాళ్ల పంక్తిలోనే కూచోని, తన విస్తట్లో ఓళిగ వేయించుకొని, దాన్ని వాళ్ల చిన్నపిల్ల చేతిలో పెట్టి, తన సంగటి తాను తిన్నాడంట. కొన్నాళ్లు ఊరు మూతి ముడుచుకుంది. తర్వాత ఆ ఇంటి ముసలాయనే, "మాకూ అదే పెట్టండి, గురువు పక్కన కూచోని వేరే తినబుద్ధి కావడం లేదు" అన్నాడంట. కాలి చిటికెన వేలు మాత్రం దక్కలేదు. అంతకు ముందే నల్లబడి ఉండింది. డాక్టరు దాన్ని తీసేసినాడు. పాదం నిలిచింది.

ఇప్పుడు నేను ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కాలం పోయింది. కోటా బియ్యం వచ్చింది, సంగటి తెడ్లు పొయ్యిలోకి కట్టెలైపోయినాయి. ఏ ఇంట్లో చూసినా పొద్దునా మాపూ తెల్లబువ్వే, తీపి కావాలంటే వీధి చివర అంగడే. ఏ ఇంట్లో చూసినా దినామూ గురువు వంతే. ఆ వాసన కోసం నేను ఇప్పటికీ పొద్దున్నే వీధిలోకి పోతాను. తగలదు. మా మనవరాలు నా సంగటిని చూసి మూతి తిప్పుతుంది. అదీ గుర్తుపెట్టుకున్నాను.

మరుసటి ఏడు గురుపూజకు ఓబుళేసు కుంటకుండా వచ్చినాడు. కాలు ఒక పక్కకు ఒరుగుతుంది గానీ తాళం తప్పలేదు. సద్దులు విప్పే వేళకు అందరికంటే ముందు తన మూట విప్పి వరసలో పెట్టినాడు. సంగటి. వాడే చేసుకున్నాడు. నేను పోయి ఆ ముద్దను వేలితో నొక్కినాను. అన్నీ గడ్డలు. "ఏమి ఓబుళేసూ, దీన్ని ఎద్దులు కూడా తినవు" అన్నాను. వాకిలంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ వాడే నవ్వినాడు. ఇన్నేండ్లు మోసింది అక్కడ దించుకున్నాను. కొంచెమే.

గురువు వచ్చి వాని పక్కన కూచున్నాడు. ఆ గడ్డల సంగటిలోంచి ఒక ముద్ద తుంచి నోట్లో వేసుకొని, నిదానంగా నమిలి మింగినాడు. తర్వాత నేను చేసిన ఓళిగ ఒకటి తీసి, సగానికి తుంచి, ఒక సగం ఓబుళేసు ముందర పెట్టినాడు. ఓబుళేసు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దు గురువా, నాకు కాదు."

గురువు వాని మొహం చూసినాడు, కాళ్లు చూసినాడు.

"తిను. ఈ పొద్దు నీకు పండగ."