పూలరేవులో గాదెరాజు బేరం

అనగనగా ఒక అడవిలో, ఆ అడవిని చీల్చుకుంటూ పోయే ఏటిలో, ఒక పడవ. అది కార్తీక శుద్ధ దశమి, బుధవారం. తెల్లవారేసరికి ఏటిమీద మంచు దట్టంగా ఉంది. పొద్దెక్కగానే మంచు విడిపోయి ఎండ చురుక్కుమంది. జంతువులకు తిథులూ వారాలూ ఎందుకని అడగకండి, పిల్లలూ. పడవ నెలకొకసారే వచ్చే చోట తిథి తెలియనివాడు ఒడ్డునే ఉండిపోతాడు.

ఆ పడవలో గాదెరాజు అనే పందికొక్కు, అతని భార్య మంగతాయారు ఉన్నారు. పందికొక్కు సంగతి మీకు తెలిసిందే. తినేది గుప్పెడు, కలుగులోకి ఈడ్చుకుపోయేది బస్తా. గాదెరాజు కలుగులో మూడేళ్ళకు సరిపడా వడ్లున్నాయి. కుండ నిండా గచ్చకాయలున్నాయి. వాళ్ళ అడవిలో గచ్చకాయలే డబ్బు. అవి కుళ్ళవు, పుచ్చవు. పాతబడి నున్నబడే కొద్దీ వాటికి గౌరవం ఎక్కువ. తాతలనాటి గచ్చకాయ తీస్తే కొట్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు.

ఇంత ఉన్నా గాదెరాజుకు ఒక చిక్కు వచ్చిపడింది. ఎలుక జాతికి ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరుకుతూ వాటిని అరగదీసుకోవాలి. కొరికితే గింజలు ఖర్చవుతాయని గాదెరాజు కొరకడమే తగ్గించాడు. దాంతో పైపన్ను పెరిగి, వంకర తిరిగి, కింది దవడలోకి గుచ్చుకోసాగింది. గింజ నమలలేడు. నోరు మూయలేడు. మాటలన్నీ గాలి కలిసి వచ్చేవి, బేరం మాటలు మాత్రం స్పష్టంగానే వచ్చేవి. పన్ను కత్తిరించకపోతే నెల తిరిగేలోగా ఆకలితో చావడం ఖాయం. కత్తిరించగల డాక్టరు ఆ ఏటి పొడుగునా ఒక్కడే. పూలరేవులో ఉండే వడ్రంగిపిట్ట. మంగతాయారు పోరగా పోరగా గాదెరాజు పడవెక్కాడు.

పడవ రేవు చేరింది. పడవ నడిపే సరంగు ఒక నీటికుక్క. అతను పైకెక్కి నిలబడి చెప్పాడు.

"అందరూ వినండి! పడవ నడిపొద్దు దాకానే ఆగుతుంది. మూడు కూతలు వేస్తాను. మూడో కూతకి ఎక్కనివాళ్ళు వచ్చే నెల దాకా ఇక్కడే. ఇంకో మాట. ఇక్కడ మన గచ్చకాయలు చెల్లవు. తంగేడు పూలే డబ్బు. అదీ వాడేదాకానే. కావలసినంతే మార్చుకోండి. మార్చుకున్నది వెంటనే ఖర్చుపెట్టండి."

అవును పిల్లలూ, పూలే డబ్బు. తెల్లారగానే ఇంటికో దోసెడు కోసుకోవాలి, అంతకుమించి కొయ్యకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. అందుకే అక్కడ తాళం కప్ప అమ్మేవాడు లేడు. చీకటి పడితే వాడిపోయేదాన్ని దొంగ మాత్రం ఏం చేసుకుంటాడు? వడ్డీ వ్యాపారి ఒకడు వచ్చి కొట్టు పెట్టాడట గానీ, రెండోరోజే ఏడుస్తూ పడవెక్కాడట.

ఇదంతా విని గాదెరాజు నవ్వాడు. 'కూడబెట్టడం చేతకాని ఊరు. ఇలాంటి చోటే నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలి' అనుకున్నాడు.

రేవులో గోరింక డబ్బు మార్చే బల్ల వేసుకుని కూర్చుంది.

"గచ్చకాయకు ఎన్ని పూలు?" అన్నాడు గాదెరాజు.

"మూడు, బాబుగారూ. ఇప్పుడే కోసినవి. తడి కూడా ఆరలేదు."

"డాక్టరుగారి ఫీజు ఆరు పూలేనట. రెండు గచ్చకాయలు ఇచ్చేసి పదండి," అంది మంగతాయారు.

"నువ్వుండవే. మొదటి మాటకే తలూపితే నన్నేమనుకుంటారు?"

రేవంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "ఇప్పుడెన్ని?"

"ఐదు, బాబుగారూ."

"చూశావా మంగా! ఊరికే నడిచినందుకు రెండు పూలు లాభం."

ఇంకో చుట్టు తిరిగి వచ్చాడు. ఎండ ముదిరింది. "ఇప్పుడు?"

"పది ఇస్తాను. కానీ బాబుగారూ, ఉన్నమాట చెప్తున్నాను. పూలు మెత్తబడుతున్నాయి, అందుకే పది. మీకు కావలసినవి తీసుకుని గబగబా వెళ్ళండి."

గాదెరాజు కళ్ళు చిట్లించాడు. బల్ల వెనక కూర్చున్న గోరింక నిజం చెబుతోందంటే ఇందులో పెద్ద మోసమే ఉంది. తను ఎక్కువ కొనకుండా ఆపాలని చూస్తోంది! ఆ ఎత్తు చిత్తు చెయ్యాలని మొల్లో ఉన్న గచ్చకాయలన్నీ ఇచ్చేసి అరవై పూలు తీసుకున్నాడు. జోలెలో కుక్కి కుక్కి నింపి మూతి బిగించి కట్టాడు.

మొదటి కూత వినిపించింది.

వడ్రంగిపిట్ట గాదెరాజు నోరు తెరిపించి చూశాడు. ముక్కుతో పన్నుమీద ఒక్కటి తట్టి, "ఈ వారమే వచ్చావు, బతికిపోయావు. ఆరు పూలు," అన్నాడు.

"మూడు," అన్నాడు గాదెరాజు.

"ఆరు."

"నాలుగు. బజారు చూశారా డాక్టరుగారూ? పొద్దున్నించీ అన్నీ దిగుతున్నాయి."

"దిగింది పూల విలువ. నా ముక్కు పదును కాదు. పక్కన కూర్చో."

గాదెరాజు జోలె కింద వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. వెనక నిలబడ్డ ఉడత ఆరు పూలు పెట్టి పన్ను బాగుచేయించుకుని పోయింది. ఆ తరవాత ముళ్ళపంది. ఆ తరవాత ఒక ముసలి కుందేలు. ఒక్కొక్కరు లేచినప్పుడల్లా గాదెరాజు, "నాలుగున్నర?" అనేవాడు. డాక్టరు తల కూడా తిప్పలేదు.

"ఏమండీ, అరవై ఉన్నాయి కదా. ఆరు పారేయండి. నోట్లోంచి రక్తం కారుతోంది," అంది మంగతాయారు.

"రక్తం ఊరికే వస్తుందే. పూలు ఊరికే రాలేదు."

రెండో కూత వినిపించింది. గాదెరాజు ఉలిక్కిపడి, "సరే, ఆరే తీసుకోండి. అన్యాయం!" అంటూ జోలె విప్పాడు. లోపల పువ్వు అన్నది లేదు. నల్లగా కమిలిన ముద్ద ఒకటి ఉంది.

"ఇది కషాయం కాచుకోవడానికి పనికొస్తుందేమో. ఫీజుకు పనికిరాదు," అన్నాడు వడ్రంగిపిట్ట.

"అరవై ఉన్నాయండీ! మొత్తం తీసుకోండి! మా ఊళ్ళో పాతబడే కొద్దీ విలువ!"

"అయితే మీ ఊళ్ళోనే ఖర్చుపెట్టుకో."

మంగతాయారు ఆరు పూలు అప్పడగడానికి గోరింక దగ్గరకు పరుగెత్తింది. బల్ల ఎత్తేశారు. మళ్ళీ పరుగెత్తుకొచ్చి డాక్టరు కాళ్ళమీద పడింది. వడ్రంగిపిట్ట ఆవిణ్ణి చూశాడు, గాదెరాజు దవడ చూశాడు. ఒక నిట్టూర్పు విడిచాడు.

"లేమ్మా. ఫీజు వద్దు, ఏం వద్దు. కూర్చోబెట్టు, ఊరికే చేస్తాను. పని ముగిసేసరికి పడవ వెళ్ళిపోతుంది. వెళ్ళనీ. వచ్చే పడవ దాకా మా చెట్టు తొర్రలో ఉందురుగాని."

గాదెరాజు కూర్చోబోయి ఆగిపోయాడు. "పడవ వెళ్ళిపోతుందా? తిరుగు ప్రయాణానికి కూడా ముందే కట్టేశాను! అది గంగపాలేనా?"

"ఎంత కట్టారండీ, నాలుగు గచ్చకాయలు! నాలుగు!" అని నెత్తి బాదుకుంది మంగతాయారు.

"నాలుగు కాదు, ఇద్దరికీ కలిపి ఎనిమిది! అయినా ఊరికే చేస్తానంటున్నాడు, పన్నుతో పాటు ఏం పీకుతాడో ఎవరికి తెలుసు?"

మూడో కూత వినిపించింది. గాదెరాజు జోలె భుజాన వేసుకుని రేవుకు పరుగెత్తాడు. ఏడుస్తూ మంగతాయారు వెంట నడిచింది. పడవ కదిలాక గాదెరాజు వెల్లకిలా పడుకుని, "ఎనిమిది గచ్చకాయలు మిగిల్చాను," అన్నాడు. కుళ్ళిన పూల కంపు భరించలేక సరంగు జోలెను ఏట్లోకి విసిరేశాడు.

పడవలో జొన్నగింజలు పెట్టారు. టికెట్టులో కలిసినవే. అందరూ తిన్నారు. గాదెరాజు వాటిని లెక్కపెట్టుకున్నాడు.

ఇంటికి చేరి మూడేళ్ళ వడ్ల మీద పడుకున్నాడు. నోరు తెరిచే ఉంది, గింజ లోపలికి పోలేదు. మంగతాయారు వడ్లు దంచి గంజి కాస్తానంటే, దంచితే తవుడు కింద బోలెడు పోతుందని ఒప్పుకోలేదు. వచ్చే పడవకు రెండురోజుల ముందు ప్రాణం పోయింది.

వడ్ల గాదె పెద్దకొడుక్కి వచ్చింది. గచ్చకాయల కుండ చిన్నకొడుక్కి వచ్చింది. తండ్రి బేరాల బుద్ధి మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చింది. దినాలు కాకముందే కలుగు ఎవరిదని కొట్టుకున్నారు. మంగతాయారుకు ఏమీ రాలేదు. ఆవిడ చేతిలో డబ్బు నిలవదని గాదెరాజు పోతూపోతూ కొడుకులకు గట్టిగా చెప్పి మరీ పోయాడు.

నీతి: అవసరానికి ఖర్చుపెట్టనివాడు డబ్బుకు యజమాని కాడు, వట్టి కాపలావాడు, ఆ కాపలాకు జీతం కూడా ఉండదు.