సామాన్లమ్మ వెలసిన వైనం

సామాన్లమ్మ వెలసేనాటికి సన్యాసమ్మకు నలభై ఎనిమిదేళ్లు. పొద్దున్నే వక్కపలుకు నోట్లో వేసుకోనిదే ఎవరితోనూ మాట్లాడదు. చింతగెడ్డ జలపాతానికి వెళ్లే మెట్ల మొదట్లో ఉన్న సామాన్లమ్మ గుడి ఆమె వల్లనే వెలసింది. నేడు ఈ గుడి ముందు సంచులు, చెప్పులు, వాటి పక్కన చంటిబిడ్డలను ఎత్తుకుని కూర్చున్న మగవారు కనిపిస్తారు. కొత్త యాత్రికులు చూసి నవ్వుతారు. ముందు కథ వినండి, తర్వాత నవ్వండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పూర్వమంటే దేవతల కాలం కాదు, కొండకు బస్సు పడిన కొత్తలో. సన్యాసమ్మ కుటుంబం వేసవి సెలవులకు కొండ అవతలి క్షేత్రానికి బయలుదేరింది. దారిలో బండరాయి దొర్లిపడింది. బస్సు అందరినీ ఇక్కడ దింపి వెనక్కి పోయింది. సాయంత్రం దాకా దారి తెరవరన్నారు.

"పైన జలపాతముందట, సూసొద్దుం రండి" అన్నాడు ఆమె భర్త అప్పలసూరి. కొడుకులు, మరుదులు లేచారు. "నువ్వు సామాన్లకాడ కూకోయే. కోడలు నీకు తోడుంటాది."

ఏ తీర్థానికి వెళ్లినా సన్యాసమ్మ చూసేది చెప్పులూ సంచులే. అది ఆమెకు అలవాటే. ఆ రోజు మాత్రం చంటివాడికి పాలిస్తున్న కోడలు గౌరి, "అత్తా, జలపాతం ఎలాగుంటాది?" అని అడిగింది. సన్యాసమ్మకు తెలియదు. ఈ పిల్ల కూడా ఇలాగే సంచుల పక్కన ముసలిదైపోతుందని తట్టగానే ఆమెకు ఒళ్లు మండింది.

పక్కనున్న నిలువురాయిని లాక్కొచ్చి సామాన్ల మధ్య నిలబెట్టింది. సంచిలోంచి పసుపు తీసి రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. "లెగు" అంది కోడలితో.

సగం మెట్ల మీద, జలపాతం చూసి దిగుతున్న మగవాళ్లు ఎదురయ్యారు.

"ఏటే! సామాన్లెవులు సూత్తారు?" అని అరిచాడు అప్పలసూరి.

"అమ్మోరు సూత్తాది. నీ మనవణ్ని పట్టు" అని బిడ్డను అతని చేతుల్లో పెట్టి, వెనుదిరగకుండా ఎక్కిపోయింది.

రాయిని తన్ని పారేస్తానని తిట్టుకుంటూ అతడు కిందికి వచ్చాడు. అప్పటికే తోటి ప్రయాణికులు రాయి ముందు అరటిపళ్లు పెట్టి, అగరొత్తులు వెలిగించి మొక్కుతున్నారు. అప్పలసూరి గబగబా చెప్పులు విడిచి దండం పెట్టాడు. ముప్పై ఏళ్లు సామాను కాసిన మనిషిని తిన్నావా అని అడగనివాడు, గంటసేపు కాసిన రాయికి మొక్కాడు! బిడ్డతో రాయి ముందు కూర్చుంటే, ఏదో మొక్కు తీర్చుకుంటున్నాడనుకుని జనం అతణ్ని లేవనివ్వలేదు. అత్తాకోడళ్లు తడిసి ముద్దై, నవ్వుకుంటూ దిగేసరికి చీకటి పడింది. అతడు ఇంకా బిడ్డను జోకొడుతూనే ఉన్నాడు.

నాటి నుంచి ఇదే ఆచారం. ఆడవారు దిగివచ్చేదాకా మగవారు సామాన్ల దగ్గర కూర్చోవాలి. తొందరపెట్టకూడదు, ఆకలని కేక వేయకూడదు. ఇలా నియమం తప్పక కూర్చున్నవారి ఇంట దొంగల భయం, కలహం ఉండవని భక్తుల నమ్మకం. కలహం ఉన్నా మునిగిపోయేదేమీ లేదు, ఆడవారు జలపాతం చూస్తారు.

సన్యాసమ్మ మరుసటి వేసవిలో ఒక్కతే రైలెక్కి పూరీ వెళ్లి సముద్రం చూసి వచ్చింది.